సీసాలో లేని చక్కెర

ఎదుటివాళ్ల నెత్తురులో లోపం ఉందని చెప్పే ముందు మన సీసాలో ఏముందో ఒక్కసారి చూసుకోవాలి. ఇదేమన్నా పెద్ద చదువా? పచ్చిపులుసు కలిపే మనిషి కూడా ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద చుక్క వేసుకుని చూస్తుంది. మా సార్ చూసుకోలేదు. చూసుకోకపోగా, చూడమన్న నన్ను తప్పుపట్టారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. అది చల్లారేలా లేదు, అందుకని ఇట్లాగే రాస్తున్నాను.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక చిన్న పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలనే అంటారు. ల్యాబ్‌లో నా పని చక్కెర ఫాస్ఫేట్ తయారుచేయడం, అందులో అసలు సరుకు ఎంతుందో కొలవడం. చక్కెర అంటే చాయ్‌లో వేసుకునేది కాదు, గ్లూకోజు. దాని ఒక కొసకు ఫాస్ఫేట్ అతికి ఉంటుంది. నెత్తురులో ఫలానా ఎంజైము బలంగా ఉందా లేదా తెలియాలంటే ఈ చక్కెరను దానికి మేతగా వేసి, ఎంత వేగంగా తింటుందో చూడాలి. మేత ఉంటేనే కదా గొడ్డు తింటున్నదో లేదో తెలిసేది. ఖాళీ గాబు ముందు కట్టేసి, ఈ గొడ్డుకు ఆకలి లేదనేవాణ్ణి ఏమనాలి?

ఆ చక్కెర మాకు బేరియంతో కలిసిన తెల్లటి పొడిగా వచ్చేది. బేరియం ఉంటే ఎంజైము పని చెడుతుంది, అందుకని ముందు దాన్ని విడగొట్టాలి. పొడి తూచేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, లేకపోతే గాల్లోకి లేస్తుంది. ఎండాకాలంలో కరీంనగర్‌లో ఫ్యాను ఆపుకుని కూర్చోవడం ఏమిటో కూర్చున్నవాళ్లకే తెలుసు. చెమట చుక్క తక్కెడలో పడకుండా నుదుటికి చున్నీ కట్టుకునేదాన్ని. తూచిన పొడిని కొంచెం ఆమ్లం కలిపిన నీళ్లలో కరిగించి సోడియం సల్ఫేట్ పోస్తే, బేరియం తెల్లగా విరిగి గంజిలా అడుక్కి దిగుతుంది. దాన్ని గిర్రున తిప్పే మిషన్‌లో పెట్టి పైతేట తీసుకోవాలి. ఆ తేటలో ఇంకో చుక్క సల్ఫేట్ వేసి చూడాలి. మళ్లీ తెల్లబడిందంటే బేరియం ఇంకా ఉన్నట్టే. తెల్లబడకపోతే క్షారం చుక్కలు వేసి పులుపు విరిచేయాలి.

అంతటితో అయిపోదు. తక్కెడ ఒక లెక్క చెబుతుంది. కానీ ఆ పొడిలో నీళ్ల బరువుంది, బేరియం బరువుంది. విడగొట్టేటప్పుడు పోయింది పోగా ఎంత మిగిలిందో తక్కెడకేం తెలుసు? అందుకని నమ్మకమైన ఎంజైము కొని తెచ్చి, నా చక్కెరలో ఒక చుక్కను దానితో పూర్తిగా తినిపించేదాన్ని. అది తింటున్నకొద్దీ పుట్టే పదార్థం కంటికి కనపడని వెలుతురును మింగుతుంది. ఎంత మింగిందో మిషన్ చెబుతుంది, దాన్నిబట్టి చక్కెర ఎంతుందో తేలుతుంది. ఆ అంకె గొట్టం మీద రాసి ఫ్రీజర్‌లో పెట్టేదాన్ని. బయటికి తీసిన ప్రతిసారీ మళ్లీ కొలిచేదాన్ని. పరీక్ష పెట్టిన ప్రతిసారీ నా నెత్తురు కూడా ఒక చుక్క పక్కన పెట్టి చూసేదాన్ని, ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు ఎట్లా పలుకుతుందో తెలియడానికి.

"ఎన్నిసార్లు కొలుస్తవ్ బిడ్డా, అదేమన్న బంగారమా?" అని సార్ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అప్పట్లో ఆయనంటే నాకు గౌరవమే ఉండేది.

ఆదిలాబాద్ వైపు అడవి గూడేల్లో వచ్చే మలేరియాలో ఒక రకం ఉంది. జ్వరం తగ్గినట్టే తగ్గి, కాలేయంలో దాక్కుని, మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. దాన్ని మూలంతో సహా చంపే గోలీలున్నాయి, రెండు వారాలు వేసుకోవాలి. చిక్కేమిటంటే, నేను చెప్పిన ఎంజైము లోపించినవాళ్లకు ఆ గోలీ పడదు. నెత్తురు కణాలు పగిలిపోయి, మూత్రం నల్లటి కషాయంలా వస్తుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకని గోలీ ఇచ్చే ముందు నెత్తురు చూడాలి. ఒక గూడెం వాళ్ల నెత్తురు చూసే పని మా ల్యాబ్ తీసుకుంది.

ఆ గూడెం సంగతి మాట్లాడిరావడానికి వానాకాలంలో నేనే పోయాను. అక్కడి ఆశా కార్యకర్త గోండు పిల్ల, నాకంటే కొంచెం చిన్నది. పెళ్లయి, భర్త చనిపోయి, తల్లి దగ్గర ఉంటోంది. ఆ వానాకాలంలో అప్పటికే ఆమెకు మలేరియా తిరగబెట్టింది. జ్వరం దిగిన మర్నాడే సంచీ భుజానికి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగే రకం. నెత్తురంటే జనం భయపడతారేమోనని నేనంటే, "ముందుగాల నాది తియ్యిండ్రి అక్కా. నేను చెయ్యి చాపితే అందరు చాపుతరు," అంది. వాళ్ల అమ్మ గుమ్మంలో కూర్చుని మక్కజొన్న కంకులు ఒలుస్తూ మా ఇద్దరికీ చెరొక కాల్చిన కంకి ఇచ్చింది.

దసరాకు నేను సిరిసిల్ల పోయాను. మా ఇంట్లో ఆయుధపూజ అంటే సాంచాలకే. వాటిని ఆపి, దుమ్ము దులిపి, నూనె వేసి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాం. ఆ రోజు సాంచా నడవదు. ఏడాదంతా చెవులు చిల్లులుపడేలా మోగే గల్లీ ఆ ఒక్క రోజు నిమ్మళంగా ఉంటుంది. నాకు ఆ పూజంటే ఇష్టం. చదువుకున్నదానివి నీకు ఇవన్నీ ఏమిటని ఎవరన్నా అంటే వాళ్లతో పోట్లాడతాను కూడా. మనకు కూడు పెట్టే మిషన్‌కు దండం పెట్టుకుంటే తప్పేముంది?

అందరికంటే ఒక వారం ఎక్కువ సెలవు పెట్టుకుని ల్యాబ్‌కు తిరిగొచ్చేసరికి మా ఫ్రీజర్ తళతళలాడుతోంది. తలుపు మీద పసుపు, కుంకుమ, వాడిపోయిన బంతిపూల దండ. లోపల చూద్దును కదా, మంచు లేదు. మా ఫ్రీజర్ సంగతి నాకు తెలుసు. దాని గోడలకు మంచు జానెడు మందాన పేరుకుని ఉండేది, గొట్టాలు తీయాలంటే స్క్రూడ్రైవర్‌తో పొడవాల్సి వచ్చేది. అలాంటిది కొత్త పెళ్లికూతురిలా ఉంది. గొట్టాల మీద నేను రాసిన అంకెలు తడికి సగం అలుక్కుపోయి ఉన్నాయి.

"చూసినవా, ఎట్ల మెరుస్తున్నదో!" అన్నారు సార్ వెనకనుంచి. "నవమినాడు అన్ని మిషన్లకు పూజ జేపిచ్చి, దసరా అయ్యేదాంక రెస్ట్ ఇచ్చిన. నేనే దగ్గరుండి కడిగిపిచ్చిన."

"ఫ్రీజర్‌కు కూడానా సార్?"

"దానికి మాత్రం వద్దా? ఏడాదంత పనిచేస్తది, పాపం."

తక్కెడకు రెస్ట్ ఇవ్వండి, తిప్పే మిషన్‌కు ఇవ్వండి, నాకూ ఇవ్వండి. ఫ్రీజర్‌కు రెస్ట్ ఏమిటండీ? సిరిసిల్లలో సాంచాలన్నీ ఆపిన రోజు కూడా ఎవరూ ఇంట్లో ఫ్రిజ్ ఆపరు, పాలు విరిగిపోతాయని. నాకు నవ్వొచ్చింది, నిజం చెబుతున్నాను. పోతే నా చక్కెర పోయింది, మళ్లీ చేసుకుంటాను, అంతేగా అనుకున్నాను.

అంతే కాలేదు. సెలవులు కాగానే గూడెం నుంచి నెత్తురు వచ్చేసిందట, డబ్బులిచ్చే పైవాళ్ల ముందు ప్రాజెక్టు గురించి చెప్పుకోవాల్సిన గడువు దగ్గరపడిందట. నేను వచ్చేదాకా ఆగకుండా సార్ ఫ్రీజర్ మళ్లీ ఆన్ చేయించి, ఆ గొట్టాల్లోని చక్కెరతోనే పరీక్ష చేసేశారు. "మస్తు దినాలైంది నా చేతితోని చెయ్యక," అని మురిసిపోతూ ఫలితాలు చూపించారు. ఒకరిద్దరు తప్ప గూడెం మొత్తానికి ఎంజైము లోపం. రిపోర్టులు ఆయన సంతకంతో అక్కడి డాక్టరుకు అప్పటికే చేరాయి. సార్ స్వయంగా కారు వేసుకుని పోయి, జనాన్ని కూర్చోబెట్టి, ఇది తల్లి నుంచి పిల్లలకొచ్చే లోపమని వివరించి కూడా వచ్చారు.

"ఇంతమందికా సార్?" అన్నాను.

"అడవిల ఉండేటోళ్లు గద బిడ్డా. బయటి సంబంధాలు చేసుకోరు. వాళ్ల నెత్తురే గట్ల ఉంటది. ఇది చిన్న సంగతి కాదు, మనకు పెద్ద పేపర్ అయితది."

"చక్కెర కొలిచారా సార్?"

"నువ్వు కొలిచి రాసి పెట్టినవ్ గద."

"పక్కన మంచి నెత్తురేదన్నా పెట్టి చూశారా?"

"టైం యాడిది?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! మద్దెలది కూడా కాదు, వినడానికొచ్చినవాళ్ల చెవులది తప్పన్నారు మా సార్. పసుపు కుంకుమ పెట్టి చల్లదనం ఆపేసిన ఫ్రీజర్‌ను అనుమానించలేదు, చాలా ఏళ్లుగా పైపెట్ పట్టని తన చేతిని అనుమానించలేదు. గూడెం గూడేన్నే అనుమానించారు.

ఆ రోజే గొట్టం తీసి వెలుతురుకు పెట్టి చూశాను. లోపల సన్నగా మబ్బు పట్టినట్టుంది. రెండు మూడు రోజులు వేడికి పడుండి, మళ్లీ గడ్డకట్టింది అది. మనకు తీపైంది సూక్ష్మజీవులకు చేదవుతుందా? శుభ్రంగా తినేశాయి. పక్క డిపార్ట్‌మెంట్ సెలవుల్లో తాళం వేసి ఉంది కాబట్టి వాళ్ల ఫ్రిజ్‌కు పూజ జరగలేదు, అందులో దాచుకున్న నా మంచి ఎంజైము బతికింది. దానితో కొలిస్తే గొట్టంలో చక్కెర ఇంచుమించు లేదు. ఉత్త నీళ్లు. సార్ గూడెం నెత్తురుకు వడ్డించింది ఖాళీ విస్తరి.

సూది తీసుకుని నా వేలు పొడుచుకున్నాను. అదే గొట్టం, అదే చక్కెర. నాకు కూడా లోపమే అని వచ్చింది. ఆ కాగితం తీసుకుపోయి సార్ ముందు పెట్టాను.

ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు సుత ఉన్నదేమో బిడ్డా, మంచి డాక్టర్‌కు చూపించుకో," అన్నారు.

"ఇన్నాళ్లూ లేనిది దసరాకు వచ్చిందా సార్?"

ఆయన మొహం మారింది. గొట్టం తన పరీక్ష అయ్యాక పాడైందేమో అన్నారు. మిగిలిన నెత్తురు పారేశాం, ఇప్పుడేం చేయలేం అన్నారు. పైవాళ్లకు ఫలితాలు పంపేశాం, ఇప్పుడు తప్పంటే ల్యాబ్ పరువేం కావాలి అన్నారు. చివరికి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వాళ్లెవరన్న వచ్చి అడిగిండ్రా? లోపమున్నదంటే గోలీ ఇయ్యరు, గంతే గద. గోలీ ఇయ్యకపోతే నష్టమేమున్నది?" అన్నారు.

నష్టమేమున్నదో అట్లా అన్న కొన్నాళ్లకే ఫోన్‌లో తెలిసింది. ఆశా కార్యకర్త. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. "అక్కా, జరం మల్ల వచ్చింది. డాక్టర్ సాబ్ గా గోలీ ఇయ్యనంటుండు. నాకు పడదట. జరం తగ్గేతందుకు వేరే గోలీలిచ్చిండు గని, గది మల్ల మల్ల వస్తనే ఉంటదట. నా బతుకంత గింతేనా అక్కా?"

నేను ఇంక ఆగలేదు. పొడి తూచి, ఫ్యాను ఆపుకుని, కొత్త చక్కెర చేశాను. కొలిచాను. నా నెత్తురు దానితో ఎప్పట్లాగే నిక్షేపంగా పలికింది. ఫ్లాస్కులో ఐసు నింపుకుని మంచిర్యాల బస్సెక్కాను, అక్కణ్ణుంచి ఆసిఫాబాద్, అక్కణ్ణుంచి జీపు. ముందు డాక్టరును కలిశాను. పాపం కుర్రాడు, మంచివాడే. "నాకేం పంతం మేడం? సార్ సంతకంతోని లోపం అని రిపోర్టున్నది. నేను గోలీ ఇచ్చి ఆమెకేమన్న అయితే ఎవరు జవాబుదారీ? గదే సార్ కొత్త రిపోర్టు మీద సంతకం జేస్తే గిప్పుడే ఇస్త," అన్నాడు. అతని మాటలో నాకు తప్పు కనపడలేదు.

ఆమె నులకమంచం మీద గొంగడి కప్పుకుని పడుకుని ఉంది. కళ్లు పచ్చగా, పెదాలు తెల్లగా. నర్సు నెత్తురు తీస్తుంటే చెయ్యి చాపింది కానీ, ఇదివరకటి హుషారు లేదు. వాళ్ల అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది. పలకరిస్తే తల ఊపింది, మొహం ఇటు తిప్పలేదు.

"మీ అమ్మకు ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"మీ సార్ చెప్పిండు గదక్కా, గీ నెత్తురు తల్లి నుంచి వస్తదని. నాకు జరమొచ్చి బేజారయి ఆమెను మస్తు తిట్టిన. గిసువంటి నెత్తురిచ్చి నన్నెందుకు కన్నవే అన్న. గప్పటి సంది గట్లనే ఉన్నది. బువ్వ వండుతది, నాకు పెడ్తది, తాను తినదు."

నేను ఏం చెప్పను? సీసాలో చక్కెర లేదమ్మా, ఫ్రీజర్ ఆపేశారమ్మా అని గోండీలో ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. తెలుగులో చెప్పాను. ఆమె విన్నది. పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

కరీంనగర్ చేరి ఆ నెత్తురు చూశాను. ఏ లోపం లేదు. మళ్లీ చూశాను, నా నెత్తురు పక్కన పెట్టి చూశాను. ఇప్పుడు నా కొలత నమ్మి ఒక మనిషి గోలీ మింగుతుంది, నేను తప్పితే ఆమె మూత్రం నల్లగా వస్తుంది. ఆ భయంతో చక్కెరను కూడా మళ్లీ కొలిచాను. కొత్త రిపోర్టు రాసి, గూడెం రిపోర్టులన్నీ రద్దు చేస్తున్నామని ఒక కాగితం రాసి, రెండూ సార్ టేబుల్ మీద పెట్టాను.

ఆయన చదివి కళ్లజోడు తీశారు. "నాకు తెల్వకుండ పోయి నెత్తురు తెచ్చినవా? నీ థీసిస్ మీద సంతకం ఎవరు పెట్టాల్నో యాదున్నదా?"

"ఉంది సార్. పాత గొట్టంలో ఇంకా కొంచెం మిగిలింది. మీ వేలు ఇవ్వండి, ఒక్క చుక్క. ఆ గొట్టంతో మీ నెత్తురు మంచిదని వస్తే ఈ కాగితాలు నేనే చింపేస్తాను."

సార్ చెయ్యి టేబుల్ కిందికి పోయింది. "నా నెత్తురెందుకమ్మా? నాకేమన్న రోగమున్నదా?"

"గూడెంలో ఎవరికుందని తీశాం సార్?"

ఆయన పెన్ను తీసి, రద్దు కాగితంలో నేను రాసిన కారణం కొట్టేసి 'సాంకేతిక కారణాల వల్ల' అని రాసి, రెండింటి మీదా సంతకం పెట్టారు. ఫ్రీజర్ మాట అందులో లేదు, ఆయన నోటి వెంటా ఏనాడూ రాలేదు. నేను కాగితాలు లాక్కున్నంత పని చేశాను. దండం కూడా పెట్టకుండా బయటికొచ్చాను.

డాక్టరు మాట నిలబెట్టుకున్నాడు. ఆమె గోలీలు వేసుకున్నన్ని రోజులూ నేను పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని, మూత్రం రంగు అడిగేదాన్ని. "తెల్లగనే ఉన్నది, నువ్వు ఫికర్ జేయకు," అని నవ్వేది. రెండు వారాలూ గడిచాయి. మళ్లీ వానలు పడ్డాయి, గూడెంలో జ్వరాలు మొదలయ్యాయి, ఆమెకు రాలేదు. ఆ సంగతి చెప్పడానికి ఒకరోజు తనే ఫోన్ చేసింది. సంతోషంగా మాట్లాడి, పెట్టేసే ముందు ఆగింది.

"అక్కా, ఒక్క పని జేస్తవా? మీ సార్‌ను ఒకపారి మా ఇంటికి తోల్కరా. నా కోసం గాదు. మా అవ్వ నేను చెప్తే నమ్ముతలేదు, నువ్వు చెప్పినా నమ్మలే. తన నెత్తురే పాడుదంటది. మా అన్న బిడ్డను సుత ఎత్తుకుంటలేదు. అంటుకుంటదని భయం. చెప్పినాయనే వచ్చి, నీ నెత్తురు మంచిదే అవ్వా అంటే నమ్ముతది."

మర్నాడే సార్ గదికి పోయి చెప్పాను. ఆయన పూర్తిగా విన్నారు. టైం చూసుకుని పోదాం బిడ్డా అన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ అదే మాట. గూడెంలో ఆమె తల్లి మాత్రం మనవరాలిని ఇంకా ఎత్తుకోవడం లేదు.